త్రీ పీక్స్ ఛాలెంజ్‌కి బయల్దేరే ముందు

యూకేలో ఉంటున్న స్నేహితులు నలుగురైదుగురు కలిసి ఈ వేసవిలో త్రీ పీక్స్‌కి ప్లాన్ వేసుకుంటుంటే, కారు బుక్ చేయకముందే ఇది చదవండి.

స్కాట్లండ్‌లో బెన్ నెవిస్ 1345 మీటర్లు, ఇంగ్లండ్‌లో స్కాఫెల్ పైక్ 978, వేల్స్‌లో స్నోడన్ 1085. మన అరకు వైపు కొండలే ఇంతకన్నా ఎత్తు కదా అనిపిస్తుంది. కానీ త్రీ పీక్స్ ఛాలెంజ్ అంటే ఈ మూడూ 24 గంటల్లో ఎక్కి దిగాలి. నడక సుమారు 37 కిలోమీటర్లు, ఎక్కేది మొత్తం 3000 మీటర్లు, మధ్యలో కారు ప్రయాణం 740 కిలోమీటర్లు. ఎప్పుడు మొదలుపెట్టినా చీకట్లో కొండైనా ఎక్కాలి, కారైనా నడపాలి.

నాకు అన్నిటికంటే భయం ఆ కారు గురించే. బెన్ నెవిస్ దిగి, కాళ్లు పీకుతుండగా రాత్రంతా డ్రైవ్ చేసేవాడికి నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? కొండ ఎక్కని డ్రైవర్లు ఇద్దరు ఉండాలి. వాళ్లు దొరక్కపోతే రెండు రోజుల్లో తీరిగ్గా చేయండి. ఇండియా లైసెన్స్ అక్కడ 12 నెలలే చెల్లుతుంది. నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఇన్సూరెన్స్‌లో ఉందో లేదో చూసుకోండి.

బెన్ నెవిస్ మీద జూన్‌లో కూడా మంచు మిగిలి ఉండొచ్చు. మబ్బు కమ్మితే దారి కనిపించదు, అంచు పక్కనే కొండలో లోతైన చీలికలు ఉంటాయి. అందుకే శిఖరం మీది ట్రిగ్ స్తంభం (సర్వే కోసం కట్టిన రాతి స్తంభం) నుంచి 231 డిగ్రీల గ్రిడ్ బేరింగ్‌లో (మ్యాప్ గీతల ఉత్తరం నుంచి కొలిచే దిశ) 150 మీటర్లు, ఆ తర్వాత 281 డిగ్రీల దిశలో దిగాలి. దిక్సూచి వాడటం వచ్చినవాళ్లు గ్రూపులో కనీసం ఇద్దరుండాలి. స్కాఫెల్ పైక్ మీద దిగేటప్పుడు దారి తప్పి పియర్స్ గిల్ లోయలోకి వెళ్లడం తరచూ జరిగే ప్రమాదం. స్నోడన్‌కి పిగ్ ట్రాక్‌లో వెళ్తుంటే క్రిబ్ గోచ్ వైపు చీలే చోట ఆగి మ్యాప్ చూసుకోండి. ముందు ఎవరో వెళ్తున్నారని వాళ్ల వెనకే వెళ్లకండి. క్రిబ్ గోచ్ కత్తి అంచులాంటి శిల, అలసిపోయినవాళ్లు వెళ్లే చోటు కాదు.

జీన్స్, కాటన్ టీషర్టులు వద్దు. తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తాయి. వాన ఆపే జాకెట్టు, ప్యాంటు, గ్లవ్స్, టోపీ, గ్రిప్ ఉన్న బూట్లు, విజిల్ అందరికీ ఉండాలి. హెడ్ టార్చ్ మనిషికొకటి, అదనపు బ్యాటరీలతో. ఫోన్ టార్చ్‌ని నమ్ముకోకండి. స్కాఫెల్ పైక్ దగ్గర వాస్‌డేల్ లోయలో సిగ్నల్ దొరకడం కష్టం, కాబట్టి కాగితం మ్యాప్ పట్టుకెళ్లండి. తినడానికి పులిహోర, చపాతీ రోల్స్, పల్లీ చిక్కీ చక్కగా పనికొస్తాయి. ఆకలి లేకపోయినా గంటకోసారి తినండి.

బయల్దేరే ముందే మాట అనుకోండి: నెమ్మదిగా నడిచేవారిదే గ్రూపు వేగం, ఒక్కరు ఆపేద్దామన్నా అందరూ వెనక్కి. గాలి, మబ్బు, పిడుగులు ఎలా ఉంటాయో మెట్ ఆఫీస్ (యూకే వాతావరణ శాఖ) మౌంటెన్ ఫోర్‌కాస్ట్‌లో ముందు రోజు సాయంత్రం చూసి, బాగోలేకపోతే తేదీ మార్చండి. ఛారిటీకి చందాలు పోగుచేశాం, ఆఫీసులో చెప్పేశాం అన్న టెన్షన్‌తో ఎక్కకండి.

మనిషి వణుకుతూ మాట ముద్దగా వస్తుంటే, జిప్ కూడా వేసుకోలేకపోతుంటే చలి ఒంట్లోకి దిగిపోయిందని అర్థం. గాలి తగలని చోట కూర్చోబెట్టి, పొడి బట్టలు వేసి, తీపి ఇచ్చి సాయం పిలవండి. 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, డబ్బులు తీసుకోరు, మొహమాటపడకండి. ఫోన్ కలవకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది లేదా టార్చ్ వెలిగించి, నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి. 999కి మెసేజ్ పంపే సదుపాయం కూడా ఉంది. దానికి ఇంటి దగ్గరే 'రిజిస్టర్' అన్న మాటను ఇంగ్లిష్‌లో ఆ నంబరుకు పంపి నమోదు చేసుకోవాలి.

స్నోడన్ దిగాక అదే రాత్రి లండన్‌కి తిరిగి బయల్దేరకండి. స్నోడన్ కింది ఊరు లాన్‌బెరిస్‌లో రూమ్, పిగ్ ట్రాక్ మొదలయ్యే పెన్-ఇ-పాస్‌లో పార్కింగ్ రెండూ ముందే బుక్ చేసుకోండి.