సలహా అడిగినా ఇంట్లో పని కావడం లేదా? ముందు మీ ప్రశ్నను విప్పి చూడండి

మా అపార్టుమెంటులో అందరూ నన్ను మాస్టారూ అని పిలుస్తారు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్లు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను, అంతే. దాంతో పెదవాల్తేరులో మా వీధిలో మోటారు మూలిగినా, కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా, ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టినా ఫోను నాకే వస్తుంది. చెప్పడం నాకు ఇష్టమే. చెప్పింది చేసినా పని కాలేదని వారం తర్వాత అదే ఫోను మళ్లీ వస్తేనే విసుగు. ఇన్నేళ్లలో చూసింది ఏమిటంటే, జవాబు తప్పడం వల్ల చెడిన పనులకన్నా ప్రశ్న తప్పడం వల్ల చెడినవే ఎక్కువ. అందుకని ఈసారి రిపేరు అడిగే తీరుకు.

ప్లగ్గు, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), ట్యాంకులో నీళ్లు చూసుకున్నాకే అడుగుతున్నారని అనుకుని మొదలుపెడుతున్నాను. చూసుకోకపోతే ముందు వెళ్లి చూసి రండి. పోయిన నెల ఒకరు వాషింగ్ మెషీన్ చచ్చిపోయిందంటే మూడంతస్తులు ఎక్కి వెళ్లాను. గోడ మీద స్విచ్చి ఆఫ్‌లో ఉంది.

లక్షణం: అడిగారు, ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు

"ఫ్రిజ్ సరిగా పనిచేయడం లేదండీ, ఏం చేయమంటారు?" దీనికి జవాబు చెప్పాలంటే ముందు నేను పది ప్రశ్నలు వేయాలి. ఒకరింట్లో సరిగా పనిచేయకపోవడమంటే పాలు విరగడం. ఇంకొకరింట్లో ఐసు కొండలా పెరిగి ఫ్రీజరు తలుపు పడకపోవడం. మరొకరికి అర్ధరాత్రి టకటకమని చప్పుడు. అన్నం తినే వేళ ఫోను చేసి ఇంత అడిగితే ఎవరైనా "ఎవరినైనా పిలిపించి చూపించండి" అని పెట్టేస్తారు. అందులో వారి తప్పు లేదు.

పరిష్కారం: వస్తువు కొని ఎన్నేళ్లయింది, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, రోజంతా ఉంటుందా ఏదో ఒక వేళే వస్తుందా, దానికి ముందు ఇంట్లో ఏం మార్చారు, ఈ నాలుగూ ముందే చెప్పండి. మోడల్ నంబరు ఆ వస్తువు వెనకనో పక్కనో పట్టీ మీద ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఇల్లు ఎక్కడో కూడా చెప్పండి. విశాఖపట్నంలో ఇది చాలామంది వదిలేసే సంగతి. ఒకే ఏడాది కొన్న రెండు ఏసీలు, ఒకటి లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు బాల్కనీలో, ఇంకొకటి గోపాలపట్నంలో లోపలి సందులో ఉన్నాయనుకోండి. మొదటిదాని బయటి యూనిట్ రేకులు ఉప్పుగాలికి తిని, వేలితో తాకితే పొడిగా రాలతాయి. రెండోదానికి దుమ్ము కడిగితే సరిపోతుంది. ప్రశ్న ఒకటే, జవాబులు రెండు. గీజరు గురించి అడిగేటప్పుడు బోరు నీళ్లా, కార్పొరేషన్ నీళ్లా అన్నది మొదటి వాక్యంలోనే రావాలి. ఉప్పు నీటి బోరయితే నీళ్లు కాచే ఎలిమెంటు చుట్టూ సున్నం పొర కట్టి ఉంటుందని ఇక్కడ కూర్చునే ఊహించవచ్చు.

లక్షణం: పదిమంది పది రకాలుగా చెప్పారు

మీరు పదిమందికి పది రకాలుగా చెప్పి ఉంటారు. మేడ మీద ఆయనకు చప్పుడు గురించి, కింద దుకాణంలో అబ్బాయికి నీళ్ల గురించి, బావగారికి రెండూ వదిలేసి కరెంటు బిల్లు గురించి. పైగా ఒకరి మాటను ఇంకొకరి దగ్గర పెట్టి "ఆయన అలా కాదన్నారే" అని వాదన పెడతారు. అలా పెడితే ఇద్దరూ మీ ఫ్రిజ్‌ను వదిలి పరువు కాపాడుకునే పనిలో పడతారు. ఒకే మాటను ఒకేలా ఇద్దరికి చెప్పండి, చాలు. ముందొకరిని అడిగి ఉంటే ఆ సంగతి దాచకండి. పేరు అక్కర్లేదు, వారు ఏం చేయమన్నారో, చేస్తే ఏమైందో చెబితే సరిపోతుంది.

లక్షణం: చెప్పినట్టే చేశారు, పని అయినట్టే అయ్యి మళ్లీ మొదటికి వచ్చింది

అన్నిటికన్నా దొంగ కారణం దీని వెనక ఉంటుంది. నేను దీనిలో బాగా దెబ్బతిన్నాను కాబట్టి కాస్త తీరికగా చెబుతాను.

మా ఎదురు ఫ్లాటులో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నారు. అపార్టుమెంటు మోటారు బాధ్యత ఆయనదే. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగారు: "మాస్టారూ, మన మోటారుకు కెపాసిటర్ ఎన్ని మైక్రోఫారడ్లది వేయాలి?"

కెపాసిటర్ అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా, మైక్రోఫారడ్ దాని కొలత. చక్కటి ప్రశ్న. స్పష్టంగా ఉంది, చిన్నగా ఉంది. పాతదాని మీద అచ్చువేసిన అంకె చూసి అదే తెమ్మన్నాను. ఆయన డాబాగార్డెన్స్ వెళ్లి తెచ్చారు, ఎలక్ట్రీషియన్ కుర్రవాడు బిగించాడు, మోటారు ఆడింది. నాలుగు రోజులకు మళ్లీ మూలిగి ఆగిపోయింది. "ఇది నాసిరకంలా ఉంది, మంచి కంపెనీ ఏది?" అన్నారు. చెప్పాను. అదీ వేశారు. వారం ఆడింది. మూడోసారి "వైండింగు కాలిపోయినట్టుంది, రివైండింగుకు ఎంత తీసుకుంటారు?" అని వచ్చారు, అంటే మోటారు లోపలి తీగ చుట్లు మళ్లీ చుట్టించడానికి. వేలల్లో ఖర్చు కాబట్టి ఆ అంకె నా నోట రాబోతూ ఆగింది. చెప్పులు వేసుకుని షెడ్డు దగ్గరకు వెళ్లాను.

స్టార్టరు పెట్టె తూర్పు గోడకు ఉంది. దాని మూత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి ఎగిరిపోయింది. అప్పటి నుంచి ఒక ప్లైవుడ్ ముక్కను తీగతో కట్టి ఉంచారు. సముద్రపు గాలికి అది తలుపా, తెరా! మెయిన్ ఆపి ముక్క తీసి చూస్తే, మెయిన్ స్విచ్చి నుంచి స్టార్టరుకు వెళ్లే తీగ దగ్గర ఇత్తడి స్క్రూ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దాని పక్కన తీగ తొడుగు అంగుళం మేర నల్లబడి, గోటితో గీకితే పెళుసుగా ఊడివచ్చింది. చెయ్యి దగ్గర పెడితే ఇంకా వెచ్చగానే ఉంది.

జరిగింది ఇది. మోటారు కదిలే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. చిలుము పట్టిన అతుకు అంత కరెంటును పోనివ్వదు. అక్కడ వేడి పుడుతుంది, మోటారు దాకా వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. ఇక అది మూలగక ఏం చేస్తుంది? టెస్టరు పెడితే మాత్రం శుభ్రంగా వెలుగుతుంది, ఎందుకంటే టెస్టరు బల్బుకు కావలసింది రవ్వంత కరెంటు. ఆ వెలుగు చూసి కరెంటు బాగానే ఉందని అందరూ నమ్మారు. కెపాసిటర్ మార్చిన ప్రతిసారీ కుర్రవాడు తీగలను అటూ ఇటూ లాగేవాడు, స్క్రూ కింద తీగ కాస్త కదిలి మళ్లీ పట్టు దొరికేది. అందుకే నాలుగు రోజులు, వారం. కొత్త కెపాసిటర్ పనిచేసిందని మేమందరం మురిసిపోయాం.

తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, టెర్మినల్ మార్చి, గట్టిగా బిగించి, మొట్టమొదటి పాత కెపాసిటరే మళ్లీ పెట్టాను. ఇప్పటికీ ఆడుతోంది.

"ఇక్కడ ఎప్పుడూ కాలిన వాసన రాలేదా అండీ?" అని అడిగాను.

"రోజూ పొద్దున్నే వచ్చేది మాస్టారూ. పక్కవాళ్లు చెత్త కాలుస్తున్నారనుకున్నాను."

ఆ ఒక్క వాక్యం మొదటి రోజు మెట్ల దగ్గర నా చెవిన పడి ఉంటే రెండు కెపాసిటర్ల డబ్బు మిగిలేది. ఆయన ఎందుకు చెప్పలేదు? గాజువాకలో ఆయన బావమరిది ఇంట్లో మోటారు ఇలాగే మూలిగితే కెపాసిటర్ మార్చగానే బాగైందట. కాబట్టి రోగం తెలిసిపోయింది, ఇక మందు మోతాదే తెలియాలి. నన్ను అడిగింది మోతాదే. నేను మోతాదే చెప్పాను. కెపాసిటర్ అని ఎందుకు అనుకుంటున్నారని తిరిగి అడగని తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరు ఏ విడిభాగం పేరు ఎత్తినా ముందు అదే అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

దీన్ని మీరే పట్టుకోవచ్చు. మీ ప్రశ్నలో విడిభాగం పేరో, ఏ కంపెనీ అన్న మాటో, ఎంత అవుతుందన్న మాటో ఉంటే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. కంటికి ఏం కనిపించింది, చెవికి ఏం వినిపించింది, ముక్కుకు ఏం తగిలింది, చేతికి వేడా చల్లనా అన్నది ముందు చెప్పండి. ఇప్పటిదాకా ఏమేం చేశారో, చేశాక ఎన్నాళ్లు బాగుందో తర్వాత. మీ అనుమానం చివర, అది అనుమానమేనని చెప్పి మరీ చెప్పండి. సంబంధం లేదనిపించింది కూడా వదలవద్దు. పక్కవాళ్ల చెత్త మంట లాంటివి అక్కడే దాక్కుంటాయి.

ఫ్రిజ్ విషయంలో ఈ తప్పు "గ్యాస్ ఎక్కించడానికి ఎంత?" అనే వేషంలో వస్తుంది. ఆ గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, పెట్రోలులా వాడకానికి తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, ఆ చోటు మూయకుండా ఎక్కిస్తే మళ్లీ పోతుంది. అలా అడిగిన ఒకావిడ ఇంట్లో కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూయమన్నాను. లాగితే వెన్నలా జారి వచ్చింది. రబ్బరు పట్టీ వదులైంది, మన తేమ గాలి లోపలికి దూరి ఐసు గడ్డ కడుతోంది. గ్యాస్ నిక్షేపంలా ఉంది.

గోడలకయితే "చెమ్మ ఆగడానికి ఏ పెయింటు మంచిది?" అని అడుగుతారు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియకుండా పెయింటు పేరు చెప్పేవారిని నమ్మకండి. చెమ్మ ఉన్నచోట అరచేతి కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక నీటి బొట్లు కడితే తేమ గోడలోంచి వస్తోంది, కాగితం ముందువైపు తడిస్తే గదిలోని గాలి నుంచి. ఆ ఒక్క మాట తెచ్చి అడగండి, సగం పని అయిపోయినట్టే.

లక్షణం: మొదటిసారి చెప్పినవారు రెండోసారి ఫోను ఎత్తడం లేదు

పోయినసారి చెప్పింది ఏమైందో మీరు వారికి చెప్పలేదు. ఇంతే. బాగయితే గప్‌చుప్, చెడితే ఫోను. "మీరన్నట్టు చేశాం, తగ్గింది" అని ఒక్క మాట. తగ్గకపోతే అదీ చెప్పండి, చెప్పినవారికీ కొత్త విషయం తెలుస్తుంది. సలహా అడిగి, దాన్ని చేయకుండా "అది కాకుండా ఇంకేమైనా ఉందా?" అనడం కూడా ఇలాంటిదే. చేయలేకపోయిన కారణం ఉంటే చెప్పండి, అద్దె ఇల్లు కాబట్టి గోడ పగలగొట్టలేమంటే ఎవరికైనా అర్థమవుతుంది. రాత్రి తొమ్మిది దాటాక ట్యాపు చుక్కలు పడటం గురించి ఫోను చేయకండి. కింద బకెట్ పెట్టండి, పొద్దున్న మాట్లాడదాం.

అసలు ఎవరినీ సలహా అడగకూడనివి మూడున్నాయి. వంటగదిలో గ్యాస్ వాసన వస్తే నాకు ఫోను చేయకండి. ఏ స్విచ్చీ వేయకండి, ఆపకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటకు వచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కు చేయండి. కుళాయి నుంచో గోడ నుంచో షాకు కొడితే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ముట్టుకోకండి. వీధి స్తంభం దగ్గర నిప్పురవ్వలు లేచినా, తీగ తెగిపడినా కరెంటు వాళ్ల నంబరు 1912. నలుగురి అభిప్రాయం పోగు చేయడానికి అప్పుడు టైము ఉండదు.

అరుదైన కారణాలు

సలహా చెప్పినవారు ఫలానా దుకాణంలోనే కొనమని పదేపదే అంటుంటే ఇంకొకరిని అడగండి. కావాలని తప్పు చెప్పేవారు ఎక్కడో ఉంటారు, నాకింతవరకు తగల్లేదు. మీరు అంతా సరిగా చెప్పినా ఎవరికీ అంతుపట్టని రోగం కూడా ఉంటుంది, దానికి మెకానిక్‌ను పిలవడమే మార్గం. ఆయన స్క్రూడ్రైవర్ తీయకముందే పైన చెప్పిన నాలుగు వాక్యాలు ఆయనకూ చెప్పండి. విప్పిన పాత భాగాన్ని అడిగి దగ్గర పెట్టుకోండి, పారేయనివ్వకండి. మా పాత కెపాసిటర్ అలా సంచిలో ఉండబట్టే మళ్లీ మోటారుకు ఎక్కింది.