మానవ వనరుల అధ్యయనంలో అధ్యాపక వృత్తి: వైవిధ్యాన్ని పరిశోధించదలచినవారు ఎలా మొదలుపెట్టాలి

పనిచేసే చోట ఎవరికి స్థానం దక్కుతోంది, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు అన్న ప్రశ్న మిమ్మల్ని వదలకుండా ఉంటే, ఎంబీఏ తరువాత కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి బదులు అధ్యాపక వృత్తిని ఎంచుకోవడంలో అర్థముంది.

అర్హతల సంగతి త్వరగా ముగిద్దాం. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. అధ్యాపక ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో మేనేజ్‌మెంట్ పేపరు ఒకటి, కార్మిక సంక్షేమం, పారిశ్రామిక సంబంధాలు, మానవ వనరుల నిర్వహణ కలిసిన పేపరు మరొకటి ఉన్నాయి. చాలామంది అలవాటుగా మొదటిదే ఎంచుకుని ఫైనాన్స్, మార్కెటింగ్ ప్రశ్నలతో కుస్తీ పడతారు. కార్మిక చట్టాలు ఓపికగా చదవగలవారికి రెండోది నయమని నా అభిప్రాయం, అయితే మీరు చేరదలచిన విభాగం దేన్ని అంగీకరిస్తుందో ముందే చూసుకోవాలి. నెట్‌కు బదులు రాష్ట్రాలు నిర్వహించే సెట్ పరీక్ష అర్హత ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాకపోయినా, అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అది ఉండి తీరాలి.

అసలు కష్టం అంశాన్ని ఎంచుకోవడంలో ఉంది. ‘ఐటీ రంగంలో వైవిధ్యం’ వంటి శీర్షికతో, విదేశీ ప్రశ్నావళిని తెచ్చి తెలిసిన వందమందితో నింపించిన సిద్ధాంత గ్రంథాలకు కొదవ లేదు. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలుండే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఒక పూట వెతికితే మీకే తెలుస్తుంది. ఆ ప్రశ్నావళుల్లో కులం ఊసే ఉండదు. మన దగ్గర మాత్రం ఇంటిపేరు, ఊరు, ఇంగ్లిష్ ఉచ్చారణ కూడా ఇంటర్వ్యూ గదిలోకి అభ్యర్థితోపాటే వస్తాయి. పరిశోధకులు సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన అర్హతలతో పేర్లు మాత్రమే మార్చిన దరఖాస్తులను ప్రైవేటు సంస్థలకు పంపి, దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని చూపించారు. మంచి పరిశోధన ప్రశ్న ఎంత చిన్నదిగా, ఎంత సూటిగా ఉండవచ్చో తెలుసుకోవడానికి దాన్ని చదవండి.

గైడ్‌ను కలిసేలోపే సమాచారం ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోవాలి, ఎందుకంటే కంపెనీలు తమ ఉద్యోగుల వివరాలను పరిశోధకులకు సులభంగా ఇవ్వవు. అయితే 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో స్త్రీ పురుషుల సంఖ్య, వారి మధ్యస్థ వేతనం, దివ్యాంగ ఉద్యోగుల సంఖ్య, ప్రసూతి, పితృత్వ సెలవు ముగించుకుని తిరిగి చేరినవారి శాతం వెల్లడించాలి. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వీటిని చదువుకోవచ్చు. సిబ్బంది కులం వివరాలు ఈ నివేదికలు అడగవు. ఆ ఖాళీని పూరించడానికి మీరు మనుషుల దగ్గరికే వెళ్లాలి.

చట్టాలను పేర్లతో సరిపెట్టక, అమలును కొలవడానికి వీలుగా చదవండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. యాభైమంది ఉంటే శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి చట్ట సవరణ తెచ్చిన నియమం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. కమిటీ ఉందా అని అడిగితే ఉందనే సమాధానం వస్తుంది. చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, సంస్థ బయటి నుంచి నియమించిన సభ్యులు హాజరయ్యారా అని అడిగినప్పుడు పరిశోధన మొదలవుతుంది.

ఇంటర్వ్యూలు రాసుకునేటప్పుడు పేరు తీసేస్తే చాలదు. నలభైమంది ఉన్న శాఖలో ‘చక్రాల కుర్చీ వాడే మహిళా ఇంజినీరు’ అని రాస్తే ఆమె ఎవరో ఆ శాఖలో అందరికీ తెలిసిపోతుంది. హోదా, వయసు, నగరం వంటి గుర్తులను ఎంతవరకు మార్చాలో, ఏయే మాటలు వదిలేయాలో వివరాలు ఇచ్చినవారితోనే మాట్లాడి నిర్ణయించి, ఆ తరువాతే గైడ్‌కు చూపించండి.