తక్కువ పెట్టుబడితో కిటికీ అద్దాలు తుడిచే వ్యాపారం మొదలుపెట్టడం ఎలా

ఈ పనికి ఎంత డబ్బు కావాలని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఎంత ఎత్తు వరకు చేస్తామన్నది. నేల మీద నిలబడి చెయ్యి చాపితే అందే అద్దాలకైతే కావాల్సిన సామానంతా ఒక బకెట్లో పడుతుంది. పై అంతస్తు మాట రాగానే నిచ్చెన, దాన్ని మోసే బండి, కింద పట్టుకునే మనిషి, ఎక్కువ బీమా ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరతాయి. అందుకే మొదటి మూడు నెలలు కింది అంతస్తు షాపులు, ఆఫీసులు, ఇళ్లకే పరిమితం కండి. రాబడి లెక్క చూసినా అదే మేలు. రోడ్డు పక్కన షాపు అద్దం రెండు వారాలకే మళ్లీ మురికి పడుతుంది, మళ్లీ మీకు పని దొరుకుతుంది. పై అంతస్తు కిటికీ తుడిపించేవాళ్లు ఏడాదికోసారి పిలిస్తే ఎక్కువ.

సామాను

అన్నిటిలోకీ ముఖ్యమైనది గ్లాస్ వైపర్, అంటే స్క్వీజీ. ఒకప్పుడు ఇది రెండు రబ్బరు పట్టీలు, బోలెడు స్క్రూలు ఉన్న బరువైన ఉక్కు పనిముట్టు. ఎట్టోరే స్టెక్కోనే అనే ఆయన దాన్ని ఇత్తడితో, ఒకే రబ్బరు పట్టీతో తేలిగ్గా తయారుచేసి 1936లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ పనివాళ్లు వాడేది దాదాపు ఆ రూపమే: ఒక పిడి, ఒక లోహపు గాడి, గాడిలో దూరే రబ్బరు. ఈ మూడూ విడివిడిగా ఊడి వచ్చేదే కొనండి. ప్లాస్టిక్ పిడికి రబ్బరు అతికించి అమ్మే రకం చవకే, కానీ రబ్బరు పాడైన రోజు మొత్తం పారెయ్యాలి.

కొలత 35 సెంటీమీటర్లది తీసుకోండి. 45 సెంటీమీటర్లది పని త్వరగా తెముల్చుతుంది కానీ, చెయ్యి తిరగనివాళ్లు లాగితే ఒక కొస అద్దం మీద నుంచి లేచిపోయి నీటి చార మిగులుతుంది. దానితో పాటు కనీసం అరడజను రబ్బరు పట్టీలు కొని ఉంచుకోండి. డబ్బు మిగల్చాలనుకుంటే వేరే ఎక్కడైనా మిగల్చండి, రబ్బరు దగ్గర మాత్రం వద్దు. పట్టీని గాడిలో బిగించేటప్పుడు రెండు కొసల్లోనూ 2 నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా చూడాలి. ఆ కాస్త కొసే ఫ్రేము అంచున నిలిచిన నీటిని లాగేస్తుంది, లోహం వెళ్లి ఫ్రేమును గీరకుండా కాపాడుతుంది. ఒక అంచు మొద్దుబారితే పట్టీని తిప్పి రెండో అంచు వాడుకోవచ్చు.

ఇక అద్దం తడపడానికి టీ ఆకారపు పిడి, దాని మీద వేసే బొచ్చు తొడుగులు రెండు. ఆ పిడి అడ్డంగా మునిగేలా పొడవుగా ఉండే 12 లీటర్లకు పైబడిన బకెట్ ఒకటి. 10 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న స్క్రేపర్ ఒకటి, విడి బ్లేడ్లు కొన్ని. పీచు రాలని మైక్రోఫైబర్ గుడ్డలు ఒక డజను. వాటికి డబ్బు చాలకపోతే బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డలు కూడా పనికొస్తాయి. గుడ్డలు ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వేసే కండిషనర్ మాత్రం వెయ్యకండి, దాని జిడ్డు గుడ్డకు పట్టి అద్దం మీదికి వస్తుంది. ఫ్రేముల కోసం ఒక బ్రష్, కింద పరచడానికి ఒక పాత తువ్వాలు ఉంటే సరంజామా పూర్తయినట్టే.

సబ్బు గిన్నెలు తోమే లిక్విడే. 10 లీటర్ల నీళ్లకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు చాలు. సబ్బు ఇక్కడ మురికి వదిలించడానికి ఎంత అవసరమో, రబ్బరు జారడానికీ అంతే అవసరం. తక్కువైతే రబ్బరు కీచుమంటూ అద్దాన్ని పట్టుకుంటుంది. ఎక్కువైతే ఆరిన తరువాత పల్చటి పొర మిగిలి, దాని మీద దుమ్ము తొందరగా అంటుకుంటుంది. నురగ ఎక్కువ వస్తే బాగా శుభ్రమవుతుందన్న నమ్మకం ఈ పనిలో పనికిరాదు.

చెయ్యి తిరగడం

మొదటి కస్టమర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో ఒకే కిటికీ మీద యాభై సార్లు చెయ్యండి. లెక్కపెట్టి మరీ చెయ్యండి. ఎండ నేరుగా పడుతున్న అద్దం వద్దు, నీళ్లు లాగే లోపే ఆరిపోతాయి.

ముందు పొడి పని. ఫ్రేము మీద బూజు, స్లైడింగ్ కిటికీ గాడిలో మట్టి బ్రష్‌తో దులిపెయ్యండి. నీళ్లు తగిలాక అదంతా బురదై తడి అద్దం మీదికి కారుతుంది. దోమతెర ఉంటే తీసి పక్కన పెట్టండి.

తరువాత బొచ్చు తొడుగును నీటిలో ముంచి, కారకుండా పిండి, అంచుల నుంచి మధ్యకు అద్దమంతా రుద్దండి. మురికి అంచుల్లోనే పేరుకుంటుంది, అక్కడ రెండుసార్లు తిప్పాలి. ఎండిన పిట్ట రెట్ట, పురుగుల మరకలు ఉంటే తడి చేసి ఒక నిమిషం వదిలెయ్యండి, నానితే వాటంతటవే వస్తాయి.

ఇప్పుడు వైపర్. మొదలుపెట్టేవాళ్లు వదిలేసే మెట్టు ఒకటుంది. రబ్బరును తడి అద్దం మీద పెట్టి లాగడం మొదలుపెడితే, పెట్టిన చోట ఒక నీటి గీత మిగిలిపోతుంది. అందుకని వైపర్‌ను కాస్త వాల్చి రబ్బరు కొసతో, లేదా వేలికి చుట్టిన గుడ్డతో, పై అంచు పొడవునా 2 సెంటీమీటర్ల పట్టీని ముందు ఆరబెట్టండి. ఆ పొడి పట్టీ మీద రబ్బరు ఆనించి కిందికి లాగండి. ఒకే ఒత్తిడి, మధ్యలో ఆగకూడదు. కింద ఫ్రేము దాకా వచ్చాక రబ్బరును గుడ్డతో ఒకసారి తుడిచి, రెండో లాగుడు మొదటిదాని మీద 5 సెంటీమీటర్లు కలిసేలా లాగండి. రబ్బరు తుడవకుండా మళ్లీ పెడితే దానికున్న నీళ్లే కొత్త చారలవుతాయి. చివరికి పొడి గుడ్డను వేలికి చుట్టి నాలుగు అంచులూ ఒక్కసారి తుడిచి, కింది గట్టు ఆరబెట్టాలి. అద్దం మధ్యలోకి గుడ్డ తేకుండా ఉంటే అంత మంచిది.

పాములా మెలికలు తిప్పుతూ ఒకే లాగుడులో ముగించే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది, వేగం కూడా. నిలువు లాగుడు మచ్చ లేకుండా వచ్చాకే అటు వెళ్లండి.

చారలు పడితే అద్దమే కారణం చెబుతుంది. సన్నటి గీత ప్రతిసారీ రబ్బరు మీద ఒకే చోట నుంచి వస్తుంటే అక్కడ గాటు పడిందని, పట్టీ మార్చాలని అర్థం. అడ్డంగా అలల్లా పడితే సబ్బు తక్కువైంది, లేదా అద్దం సగం ఆరిపోయింది. రెండు లాగుళ్ల నడుమ తడి గీత ఉంటే కలవాల్సినంత కలవలేదు. అద్దమంతా మసకగా ఉంటే నీళ్లు మార్చే వేళ దాటిపోయింది, లేదా సబ్బు ఎక్కువైంది. తుడిచి వెళ్లాక పై నుంచి ఒక చుక్క కారిందని ఫోన్ వస్తే, ఫ్రేము పై మూలలో నీళ్లు నిలిచి ఉంటాయి.

గీతలు: ఇక్కడే వ్యాపారం మునుగుతుంది

చార పడితే మళ్లీ తుడవొచ్చు. గీత పడితే అద్దం కొనివ్వాలి. చిన్న వ్యాపారాన్ని ఒక్క రోజులో దెబ్బతీసేది ఇదే కాబట్టి స్క్రేపర్ విషయంలో ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు.

అద్దం, బ్లేడు రెండూ తడిగా ఉండాలి. బ్లేడును ముందుకే తొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు అద్దం మీద నుంచి ఎత్తెయ్యాలి. తోసినప్పుడు కిందికి చేరిన ఇసుక రేణువు వెనక్కి లాగితే బ్లేడుకూ అద్దానికీ మధ్య ఇరుక్కుని పొడవుగా గీస్తుంది. బ్లేడు మీద తుప్పు చుక్క కనబడినా పారెయ్యండి.

కొత్త బిల్డింగుల్లో ఇంకో ప్రమాదం ఉంది. టెంపర్డ్ గ్లాస్‌ను, అంటే గట్టిపరిచిన అద్దాన్ని, తయారీలో కొలిమిలో రోలర్ల మీద నడిపి వేడిచేస్తారు. ఆ ముందు అద్దం సరిగా కడగకపోతే దాని మీది గాజు పొడి వేడికి అతుక్కుపోతుంది. కంటికి కనబడదు. తడి చేసి వేలి కొసలతో నిమిరితే సన్నటి గరుకు తగులుతుంది. స్క్రేపర్ పెట్టగానే ఆ రేణువులు ఊడి, బ్లేడు కింద దొర్లి, వెంట్రుకల్లాంటి గీతలు వందల కొద్దీ పడతాయి. మూలన టెంపర్డ్ అని ముద్ర ఉన్న అద్దం గరుకుగా తగిలితే పని ఆపండి. యజమానికి ఆ గరుకు ఆయన వేలితోనే చూపించి, గీతలు పడితే మీ బాధ్యత కాదని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ముందుకెళ్లండి. రంగు, సిమెంటు చుక్కలు ఉన్న కొత్త బిల్డింగు పని డబ్బు బాగా వస్తుందనిపించినా, మొదటి ఏడాది వదులుకుంటేనే నయం.

సన్ ఫిల్మ్ అతికించిన అద్దానికి స్క్రేపర్ అసలు వద్దు, అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు. ఫిల్మ్ కొత్తగా వేసి నెల కాకపోతే ఆ వైపు ముట్టుకోకండి.

తెల్లటి నీటి మరకలు కూడా గొడవలకు దారితీస్తాయి. అవి ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆరి మిగిలినవి. తెల్ల వెనిగర్‌లో ముంచిన గుడ్డను ఒక మూల ఐదు పది నిమిషాలు అంటించి ఉంచి, రుద్ది, కడిగి చూడండి. రాయి గట్టు ఉంటే వెనిగర్ దాని మీద పడనివ్వకండి, పాలరాయి మెరుపు పోతుంది. రెండుసార్లు చేసినా మరక పోలేదంటే అది అద్దాన్నే తినేసి ఉండొచ్చు, తుడిస్తే పోదు. ఆ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న మరక మందులు ఎవరు ఇచ్చినా తీసుకోకండి. అది చర్మం గుండా ఎముక దాకా వెళ్తుంది.

రేటు

పక్కవాళ్లు ఎంత తీసుకుంటున్నారో చూసి రేటు పెడితే వాళ్ల ఖర్చులకు సరిపోయే రేటు వస్తుంది. మీ గంట విలువ మీరే లెక్కకట్టుకోండి. నెలకు మీకు కావాల్సిన రాబడికి రబ్బరు, గుడ్డలు, ప్రయాణం, ఫోన్, బీమా ఖర్చులు కలపండి. నెలలో 22 రోజులు పని అనుకుంటే, రోజుకు డబ్బు వచ్చే గంటలు ఐదే అనుకోండి. మిగతా గంటలు తిరగడానికి, అడగడానికి, గుడ్డలు ఉతకడానికి పోతాయి. మొత్తం 110 గంటలు. పైన వచ్చిన మొత్తాన్ని 110తో భాగిస్తే వచ్చేది మీ గంట రేటు.

ఇక టైము పెట్టుకుని కొలవండి. ఒక షాపుకు ఆరు అద్దాలున్నాయి, లోపలా బయటా కలిపి ఒక్కోదానికి 4 నిమిషాలు పడుతోంది, సామాను దించి సర్దడానికి 6 నిమిషాలు. మొత్తం అరగంట, అంటే గంట రేటులో సగం. చిన్న చిన్న గళ్లుగా ఉన్న కిటికీకి, వైశాల్యం అంతే ఉన్నా, ఒకే పెద్ద అద్దం కంటే చాలా ఎక్కువ టైము పడుతుంది, ఎందుకంటే పని అంతా అంచుల్లోనే. అలాంటివి గడి లెక్కన చెప్పండి. ఎన్నాళ్లుగానో తుడవని అద్దాలకు మొదటిసారి ఒకటిన్నర రెట్లు అడగడం న్యాయమే. దోమతెరలు, గాడులు విడిగా చెప్పండి. కనీస చార్జీ ఒకటి పెట్టుకోండి, దానికి తక్కువైతే బయల్దేరకండి. చూడకుండా ఫోన్లో రేటు చెప్పకండి.

కస్టమర్లు

ఒకే వీధి ఎంచుకోండి. ఊరంతా చెదిరిన పది షాపుల కంటే, నడిచి వెళ్లగలిగిన ఐదు షాపులు ఎక్కువ మిగుల్చుతాయి. షాపులో రద్దీ లేని వేళ, శుభ్రమైన బట్టల్లో, బకెట్ చేత్తో పట్టుకుని వెళ్లి మాట్లాడండి: “ఈ వీధిలో అద్దాలు తుడుస్తున్నామండీ, రెండు వారాలకోసారి. మీ తలుపు అద్దం ఒక్కటి ఇప్పుడు చేసి చూపిస్తాను. నచ్చితేనే రేటు మాట్లాడుకుందాం.” తలుపు అద్దమే ఎంచుకోవడానికి కారణం ఉంది. వేలిముద్రలన్నీ దాని మీదే ఉంటాయి, పక్క అద్దంతో తేడా వచ్చే పోయేవాళ్లందరికీ కనబడుతుంది.

వద్దన్నవాళ్ల పేరు కూడా నోటుబుక్కులో రాసుకుని నెలన్నర తరువాత మళ్లీ కనబడండి. ఒప్పుకున్నవాళ్లకు ఎన్ని అద్దాలు, ఎన్ని నిమిషాలు, ఎంత, మళ్లీ ఎప్పుడు అన్నది రాయండి. ముందే ఉన్న గీతలు, పగుళ్లు కనబడితే తుడవక ముందే ఫోటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. చెప్పిన రోజు చెప్పిన వేళకు వెళ్లడం ఎంత పనిచేస్తుందో ఏ ప్రకటనా చెయ్యదు.

మీరున్న చోట చిన్న వ్యాపారానికి ఏ లైసెన్సు కావాలో కనుక్కోండి. బీమా తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: మీరు తుడుస్తున్న అద్దానికే నష్టం జరిగితే ఇస్తారా? చాలా పాలసీల్లో దాన్ని విడిగా చూస్తారు.

డబ్బు మిగిలాక

ముందు కొనాల్సింది రెండో వైపర్, తరువాత ఒకటిన్నర రెండు మీటర్ల పొడిగింపు కర్ర. దాంతో ఎత్తైన షాపు అద్దాలు నిచ్చెన లేకుండా అందుతాయి. నిచ్చెన ఎక్కక తప్పకపోతే, 4 మీటర్ల ఎత్తులో ఆనితే దాని కాలు గోడకు 1 మీటరు దూరంలో ఉండాలి. అద్దానికి ఎప్పుడూ ఆనించకూడదు. పక్కకు వంగి అందుకోవడం వద్దు, దిగి జరుపుకోండి.

నీళ్లు పారే పొడవాటి కర్ర, శుద్ధజలం యంత్రం అన్నిటికంటే చివర. నీటిలో కరిగినవన్నీ తీసేస్తేనే అద్దం తుడవకుండా మచ్చ లేకుండా ఆరుతుంది. నీటిలో కరిగినవెంత ఉన్నాయో కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి, 10 దాటితే చుక్కలు కనబడడం మొదలవుతుంది. కొనే ముందు మీ కొళాయి నీళ్లకు మీటరు పెట్టి చూడండి. అంకె ఎంత ఎక్కువుంటే, యంత్రంలో ఆ కరిగినవాటిని పట్టుకునే రెజిన్ పూసలు అంత తొందరగా అయిపోతాయి, వాటిని మార్చే ఖర్చు ప్రతి నెలా మీ గంట రేటులోకి వచ్చి కూర్చుంటుంది.