బాంబర్ పైలట్ వస్తువుల సేకరణ: జాకెట్ కంటే ముందు కాగితం

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ స్థావరాల నుంచి బి-17, బి-24 విమానాలు నడిపిన అమెరికా ఎనిమిదవ వైమానిక దళ పైలట్ల వస్తువులను సేకరించదలచినవారు సాధారణంగా తోలు జాకెట్‌తో మొదలుపెడతారు. అది చూడముచ్చటైన వస్తువే గానీ, ముందుగా కొనవలసినది కాదు. ఒకే వ్యక్తివని రుజువు చేయగల మామూలు కోటు, కొన్ని ఉత్తర్వుల ప్రతులు, ఒక ఉత్తరాల కట్ట కలిసి ఉంటే, యజమాని ఎవరో తెలియని మేలైన జాకెట్ కంటే అవే విలువైనవని నేను భావిస్తాను.

కాగితాలలో మొదట వెతకవలసినది ఆ పైలట్ అధికారి సీరియల్ నంబరు. వైమానిక దళం అప్పట్లో ఆర్మీలో భాగమే; ఆర్మీ అధికారుల నంబరు సాధారణంగా ‘ఓ’ అనే అక్షరంతో మొదలవుతుంది. సైన్యం నుంచి విడుదలైనప్పుడు అధికారులకు ఇచ్చిన 53-98 ఫారంలోనూ, పేర్ల పట్టికలతో వెలువడిన స్పెషల్ ఆర్డర్లలోనూ అది కనిపిస్తుంది. ఫారం 5 అనే వ్యక్తిగత విమానయాన రికార్డులో ఏ నెలలో, ఏ రకం విమానంలో, ఎన్ని గంటలు ఎగిరాడో నమోదై ఉంటుంది. విమానం తిరిగి రాని సందర్భాలలో 1943 నుంచి తయారుచేసిన ‘మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టు’లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, సిబ్బంది పేర్లను, విమానం నంబరును వాటితో సరిచూడవచ్చు. అయితే అన్నీ ప్రభుత్వం దగ్గర దొరుకుతాయని భరోసా పెట్టుకోకూడదు. సెయింట్ లూయిస్‌లోని సిబ్బంది రికార్డుల కేంద్రంలో 1973 జులై 12న జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 వరకు ఆర్మీ నుంచి విడుదలైన సిబ్బంది ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. కుటుంబం అట్టపెట్టెలో దాచుకున్న ప్రతే ఏకైక ప్రతి కావచ్చు. ఉత్తరాల కవరు మూలన సెన్సార్ సంతకం కూడా పంపినవాడిదే అయితే అనుమానించనక్కరలేదు; అధికారులు తమ ఉత్తరాలను తామే సెన్సార్ చేసుకునేవారు.

నంబరు చేతికి వచ్చాక బట్టల వైపు తిరగాలి. సైన్యంలో బట్టల మీద వేసే లాండ్రీ మార్కులో ఇంటిపేరు మొదటి అక్షరం, సీరియల్ నంబరులోని చివరి నాలుగు అంకెలు ఉండేవి. చొక్కా కాలరు లోపల, ప్యాంటు నడుము పట్టీ మీద, సంచుల మీద దాని కోసం ఓపికగా వెతకండి. అధికారులు తమ డ్రెస్ యూనిఫారాన్ని సొంతంగా కొనుక్కునేవారు కనుక, కోటు లోపలి జేబులో దర్జీ లేబుల్ మీద యజమాని పేరు దొరికే అవకాశం ఎక్కువ. విమానంలో ధరించే సామగ్రి ఇందుకు భిన్నం: అది ప్రభుత్వ ఆస్తి, తిరిగి అప్పగించవలసినది. అందుకే పేరున్న హెల్మెట్, మాస్కు అరుదు. విడిగా కొన్న ఏ-11 హెల్మెట్‌ను, ఏ-14 ఆక్సిజన్ మాస్కును పేరున్న కోటు పక్కన చేర్చి, మొత్తం ఒకే మనిషిదని అమ్మడం ఈ రంగంలో పాత అలవాటు.

ఇరవై ఐదు వేల అడుగుల ఎత్తున చలి సున్నాకు 40 డిగ్రీల కిందికి పడిపోయేది కనుక, సిబ్బంది విద్యుత్తుతో వేడెక్కే ఎఫ్-3 వంటి సూట్లను కూడా ధరించారు. వాటిని మళ్లీ కరెంటుకు కలపడానికి ఎప్పుడూ ప్రయత్నించకూడదు.

ఏ-2 అనే తోలు జాకెట్ విషయంలో మాత్రం తొందరపాటు పనికిరాదు. 1931లో ఆమోదం పొందిన ఈ నమూనాను అమెరికా వైమానిక దళం 1988లో తిరిగి ప్రవేశపెట్టింది. ఇతరులు తయారుచేసిన నకళ్లు కూడా లెక్కలేనన్ని. లేబుల్ మీద రకం, కాంట్రాక్టు సంఖ్య, తయారీదారు పేరు చదివి, కుట్టు, జిప్పు, అరుగుదల వాటితో పొసగుతున్నాయో లేదో చూడాలి. వీపు మీద బొమ్మ ఉంటే భూతద్దం తీయండి: తోలు పగుళ్లతో పాటు రంగు కూడా పగిలి ఉండాలి. పగుళ్ల లోపలికి రంగు దిగి ఉంటే అది తరువాత వేసినది. నేను మొదట కొన్న జాకెట్‌లో ఈ ఒక్కటే చూడలేదు. మిషన్లకు గుర్తుగా వేసిన బాంబు బొమ్మలను కూడా లెక్కించాలి. ఎనిమిదవ వైమానిక దళంలో బాంబర్ సిబ్బంది పూర్తి చేయవలసిన మిషన్లు మొదట 25. 1944లో అవి 30కి, తరువాత 35కి పెరిగాయి. కాబట్టి 1943లోనే విధి ముగించి ఇంటికి వెళ్లిన పైలట్ జాకెట్ మీద 35 బాంబులు కనిపిస్తే గట్టి వివరణ అడగాలి. అతినీలలోహిత దీపం కింద మెరిసిన బట్ట అంతా నకిలీ కాదు. యుద్ధం తరువాత డిటర్జెంట్‌తో ఉతికిన అసలు బట్ట కూడా మెరుస్తుంది.

భద్రపరచడంలో కొన్ని ప్రమాదాలు ఉన్నాయి. చీకట్లో కనబడే పాత గడియారాల అంకెలకు రేడియం రంగు పూసి ఉండవచ్చు కనుక వాటి మూత తెరవకూడదు. లైఫ్ వెస్ట్‌లోని గ్యాస్ గుళికలు ఇంకా నిండుగా ఉండవచ్చు. ప్రథమ చికిత్స పెట్టెలో మార్ఫిన్ గొట్టాలు కనిపిస్తే ముట్టుకోక ముందే స్థానిక చట్టం ఏమంటుందో తెలుసుకోండి. తోలుకు నూనె రాయకండి. వెడల్పాటి మెత్తని హ్యాంగర్‌కు కూడా వేలాడదీయకుండా, ఆమ్లరహిత కాగితాన్ని మడతల్లో నింపి పరిచి ఉంచండి. కాగితాలను పాలియెస్టర్ కవర్లలో పెట్టండి, పీవీసీ కవర్లు వద్దు.

కుటుంబం నుంచి నేరుగా కొనేటప్పుడు, వస్తువులు ఉన్న చోటనే, పెట్టెలో ఉన్న వరుసలోనే ముందుగా ఫోటోలు తీయండి. ఇంటివారు చెప్పినది ఆ రోజే రాసి, వస్తువుల జాబితా కింద వారి సంతకం తీసుకోండి. ప్రతి కాగితం వెనుక పెన్సిల్‌తో, ప్రతి వస్త్రానికి కుట్టిన నూలు పట్టీ మీద ఒకే వరుస సంఖ్యలు వేసి, తరువాత అవసరానికి ఒక్క పతకాన్ని అమ్ముకోవలసి వచ్చినా, ఆ జాబితా నకలును దానితోనే పంపండి.