పాత లారీ ఇంజిన్: పంపు దించే ముందు

లారీ పొద్దున స్టార్ట్ కాకపోయినా, లోడు లాగకపోయినా, పొగ కక్కినా షెడ్డులో ముందు వినిపించే మాట "పంపు దించాలి", అంటే నాజిళ్లకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపును విప్పి రిపేరుకు పంపాలని. మా టాటా 1613కి నేనూ అదే చేయించాను. పంపు క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) అయింది, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మారాయి, రెండు వారాల కిరాయి పోయింది. తీసుకొచ్చిన మర్నాడే బండి మళ్లీ మొరాయించింది. చివరికి చూస్తే, ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు (ట్యాంకులోని డీజిల్‌ను లాగే చిన్న పంపు) వచ్చే పైపు దగ్గర రాగి వాషర్ చిట్లి ఉంది. ఇంకొకరికి అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఇదంతా ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కు ఒకటి చొప్పున ప్లంజర్లు వరుసగా ఉండే పంపు) ఉన్న పాత ఇంజిన్ల గురించే. కామన్ రైల్ బండికి (నాజిళ్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకం) నాజిల్ పైపు నట్లు ఎప్పుడూ వదులు చేయకండి. అక్కడ డీజిల్ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, చర్మంలోంచి దూసుకుపోతుంది. పాత ఇంజిన్‌లో కూడా నాజిల్ చిమ్మే చోట చెయ్యి అడ్డం పెట్టవద్దు.

స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకరిని సైలెన్సర్ పొగ చూడమనండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంజిన్ బరువుగా తిరుగుతుంటే అది డీజిల్ గొడవ కాదు, కరెంటు గొడవ. బాగా చార్జ్ అయిన రెండు బ్యాటరీలు కలిపి 25 వోల్టుల పైన చూపించాలి. సెల్ఫ్ కొడుతుండగా 19 కిందికి పడిపోతే బ్యాటరీలను చూపించండి. వోల్టేజీ నిలబడినా నెమ్మదిగానే తిరిగితే ఎర్త్ కేబుల్ విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించండి.

జోరుగా తిరుగుతోంది, పొగ మాత్రం లేదంటే నాజిళ్లకు డీజిల్ అందడం లేదు. ఇంజిన్ ఆపే కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో ముందు చూడండి. అది సరిగా ఉంటే లైనులో ఎయిర్ పట్టిందని అనుకోవచ్చు. ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొడుతూ ఉండండి. నురగ పోయి డీజిల్ ధార శుభ్రంగా వస్తుండగానే స్క్రూ బిగించాలి, ధార ఆగాక కాదు. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. సెల్ఫ్‌ను ఒక్కసారికి 10, 15 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి.

ఎయిర్ తీశాక స్టార్ట్ అయి, మర్నాడు మళ్లీ అదే కథ అయితే గాలి ఎక్కడో దూరుతోంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో డీజిల్‌ను పంపు లాగుతుంది, తోయదు. అందుకే అక్కడ సందు ఉన్నా బయటికి చుక్క కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. మా వాషర్ ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఇదే. దీనికి తేలికైన పరీక్ష ఉంది. శుభ్రమైన 5 లీటర్ల క్యాన్‌లో డీజిల్ పోసి, ఫీడ్ పంపు లాగే వైపు వేరే పైపు తగిలించి క్యాన్‌లో ముంచండి. అలా ఇంజిన్ బాగా నడిస్తే తప్పు ట్యాంకు వైపు పైపులోనే, పంపును ముట్టుకోవద్దు. రాగి వాషర్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి.

తెల్ల పొగ వస్తోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదంటే డీజిల్ వస్తోంది, మండడం లేదు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి), టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), నాజిల్ చూడాల్సింది అప్పుడు. డిసెంబరు చలిలో కాసేపు తెల్ల పొగ వచ్చి, వేడెక్కాక ఆగిపోతే కంగారు పడక్కర్లేదు.

లాగడం లేదు

నల్ల పొగతో లాగకపోతే గాలి చాలడం లేదు. కాటేదాన్, పటాన్‌చెరు దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినదానికంటే ముందే మూసుకుపోతుంది. టర్బో ఉంటే దాని హోసులకు సబ్బు నీళ్లు రాసి, ఇంజిన్ రేజ్ చేయించి బుడగలు వస్తాయేమో చూడండి. పొగ లేకుండా లాగకపోతే డీజిల్ చాలడం లేదు: ఫిల్టర్, ట్యాంకు జాలీ, ట్యాంకు మూత. మూత తీయగానే 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది.

ఒక సిలిండర్ కొట్టడం లేదనిపిస్తే, స్లోలో నడుస్తుండగా చేతికి గ్లౌజు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొంచెం వదులు చేసి బిగించండి. ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తోంది. తేడా లేకపోతే తప్పు అక్కడుంది.

వేడెక్కుతోంది

మన దగ్గర దీనికి పెద్ద కారణం బోరు నీళ్లు. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. కూలెంట్ కలిపిన శుభ్రమైన నీళ్లే పోయండి. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ రెక్కల్లోని మట్టి కూడా చూడండి. చాలామంది థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకి పారేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే కొన్ని నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరుగుతాయి, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, హెడ్ పగిలీ ఉండొచ్చు. హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేయకండి. వేడి మీద మాత్రం మూత తీయొద్దు, ముఖం కాలుతుంది.

ఆయిల్

నీలం పొగ, ఆయిల్ పోసే మూత దగ్గర ఎగదన్నే గాలి చూసి వెంటనే బోరు పని (అరిగిన సిలిండర్లు, రింగులు బాగుచేయడం) అని తేల్చకండి, బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మూసుకుపోయిందేమో చూడండి. అన్నిటికంటే భయపడాల్సింది డిప్‌స్టిక్‌లో ఆయిల్ పెరగడానికి. డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు లేదా ఇంజెక్షన్ పంపు సీలు కారుతుండొచ్చు, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. రెండింట్లో ఏదైనా బేరింగులు నిలబడవు. అలాంటి బండిని ఆటోనగర్ దాకా మెల్లగా నడిపేద్దాం అనుకోకండి, ఇంకో బండికి కట్టి తీసుకెళ్లండి.