పాత పీఎఫ్ సర్వీసు ఇలా కలుపుకున్నా

నాకు 52 ఏళ్లు. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే గుండె జారింది, పాత కంపెనీలో చేసిన ఆరేళ్లు వేరే మెంబర్ ఐడీ (పీఎఫ్ ఖాతా నంబరు) కింద విడిగా పడి ఉన్నాయి, ఇప్పటి చోట ఎనిమిదేళ్లే. ఈ ఉద్యోగం మధ్యలో పోతే పదేళ్ల సర్వీసు నిండదు, అది లేకపోతే 58 నిండాక నెలనెలా పెన్షన్ రాదు కదా! ట్రాన్స్‌ఫర్ పెడదామంటే పాత కంపెనీవాళ్లు నేను మానేసిన తేదీ ఎక్కించలేదు, ఫోన్ చేస్తే రేపు మాపు అన్నారు. బయట ఒకాయన రెండు వేలు అడిగాడు. ఇవ్వకండి, పైసా అక్కర్లేదు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో మేనేజ్ కింద ‘మార్క్ ఎగ్జిట్’ ఉంటుంది, ఉద్యోగం మానేసి రెండు నెలలు దాటితే ఆఖరి జమ పడిన నెలలో తేదీ వేసి ఆధార్ ఓటీపీ కొడితే మనమే ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాత అక్కడే ట్రాన్స్‌ఫర్ అర్జీ పెట్టా, మూడు వారాల్లో కలిసింది. తేదీ వేసేముందు మాత్రం పాత పాస్‌బుక్‌లో ఆఖరి నెల ఏదో రెండుసార్లు చూసుకోండి, తప్పు పడితే మళ్లీ దిద్దుకోవాల్సి వస్తుంది.