ఓడ సినిమా తీస్తున్నారా? ముందు పడవలో ఎవరి పనేంటో రాసుకోండి

ఆంధ్ర, ఒడిశా సరిహద్దున బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళకి ఈమధ్య సముద్రం కథల మీదికి గాలి మళ్ళింది. ఒడియా, తెలుగు, ఇంకో భాషవాళ్ళు ఒకే ఓడలో ఉండే కథలు రాస్తున్నారు, సంతోషమే. కానీ చాలా స్క్రిప్టుల్లో హీరో షావుకారు కొడుకు, మన నోళియా (అక్కడి తెలుగు జాలరి) మాత్రం మునిగిపోతున్న ఆ హీరోని ఒడ్డున పడేసి ఇంటర్వెల్‌కల్లా మాయమైపోతాడు. అన్ని భాషలవాళ్ళనీ పెట్టాం కదా అంటారు. పెట్టారు సరే, అతనికి పేరేది?

అందుకే డైలాగులకంటే ముందు పనులు రాయండి. ఉదాహరణకి మీ కథ 1930ల్లో గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి కూలికి పోయేవాళ్ళది అనుకోండి. అప్పట్లో అక్కడ ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు, కెరటాలు దాటాక లోపలే లంగరేసి ఉండేది. జనాన్నీ సరుకునీ దాని దాకా చేర్చేది మసూలా పడవ. దాని పలకలకి మేకులుండవు, కొబ్బరితాడుతో కుట్టేస్తారు, కెరటం కొట్టినప్పుడు విరక్కుండా వంగుతుంది. వెనక నిలబడి పెద్ద తెడ్డు పట్టుకున్నవాడు కెరటాలు చూస్తూ ఆగుతాడు, ఆగుతాడు, సందు దొరకగానే ఒక్క కేక వేస్తాడు, అందరూ తెడ్లు వేస్తారు. ఆ కేక పడేదాకా లోపలున్న దొరైనా, షావుకారైనా, కూలీల మేస్త్రీ అయినా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. మీ సినిమాలో అసలు సీను ఇదే, దీన్ని డ్రోన్ షాట్‌తో కానిచ్చేయకండి. కెమెరా పడవలోనే పెట్టి అతని మొహం మీద ఉంచండి.

స్క్రిప్టు అయ్యాక పాత్రల పేర్లు కొట్టేసి చదవండి. ఎవరు నిర్ణయం తీసుకుంటున్నారు, ఎవరు ఊరికే తలూపుతున్నారు అన్నది పది పేజీల్లో తేలిపోతుంది.

భాష దగ్గర ఇంకో తంటా. ఒడిశా వైపు ఉండే వాడబలిజలు, జాలార్లు (చేపలు పట్టే కులాలవాళ్ళు) ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు, పిల్లలు ఒడియా బడికి పోతారు. వాళ్ళ నోట విజయవాడ తెలుగు పెడితే నవ్వుతారు, ఒడియా కలిసిన తెలుగుని కామెడీకి వాడితే మాత్రం ఊళ్ళోకి రానివ్వరు (రానివ్వకూడదు కూడా). ఒడియా మాటలకి కింద తెలుగులో సబ్‌టైటిల్స్ వేయండి చాలు, పక్క పాత్ర చేత అర్థం చెప్పించకండి. చేపలమ్మే ఒక పెద్దామె చేత డైలాగులన్నీ గట్టిగా చదివించండి, ఆమెకి డబ్బిచ్చి టైటిల్స్‌లో పేరు వేయండి.

ఆడవాళ్ళంటే ఒడ్డున కొంగు పట్టుకుని ఎదురుచూడ్డమేనా? చేప దిగాక బేరం, అప్పు, వడ్డీ లెక్కంతా వాళ్ళ చేతిలోనే నడిచే ఇళ్ళు బోలెడు. ఒడియా వైపు తఅపొయి కథ కూడా ఉంది, ఏడుగురు అన్నలు ఓడ వ్యాపారానికి పోతే వదినల చేతిలో నలిగిన చెల్లెలి కథ, భాద్రపదం ఆదివారాల్లో ఖుదురుకుణీ ఓషా అనే నోముకి ఆడపిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని పాటలో ఇరికించకుండా ఓ సీనులో ఎవరి చేతైనా చెప్పించండి. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఒడియావాళ్ళు బొయితలు (చిన్న బొమ్మ ఓడలు), మనవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు ఒకే నీళ్ళలో వదులుతారు, ఇద్దరినీ ఒకే ఫ్రేములో తీయొచ్చు.

షూటింగుకి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బాగా కలిసొస్తాయి. మోటారు పడవలు ఖాళీ, మనుషులకి పనుండదు. ఖాళీగా ఉన్నారు కదా అని భోజనంతో సరిపెట్టకుండా వేట కూలీ ఎంతో అడిగి అంత ఇవ్వండి, పడవ అద్దె వేరే. రుషికుల్య నది మొగ దగ్గర తీయాలంటే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.

రఫ్ కట్ (మొదటిసారి కూర్చిన సినిమా) ఆ ఊళ్ళోనే, గోడ మీదైనా సరే, వేసి చూపించండి. తెడ్డు అలా పట్టరు బాబూ అని ఎవరైనా పెద్దాయన అంటే ఆ షాట్ మళ్ళీ తీయాల్సిందే, డబ్బింగ్‌లో సర్దేది కాదది.